ఇరవై మూడో ఎత్తు

చదరంగం క్లబ్బులో ఆమెని అందరూ చీటీలావిడ అంటారు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఎవరినబ్బా అని ఆమే వెనక్కి తిరిగి చూసేంతగా ఆ పేరు అతుక్కుపోయింది. ఆట ఆడేటప్పుడు ఇద్దరు ఆటగాళ్ళూ ఎవరి కాగితం మీద వాళ్ళు, తన ఎత్తూ అవతలివాళ్ళ ఎత్తూ వరసగా రాసుకుంటారు. ఆ కాగితాలే చీటీలు. నూరేళ్ళ చీటీలు, మూడు ఇనప బీరువాల నిండా ఉన్నాయి. గత ఇరవై ఏళ్ళుగా ఆవిడ కాపురం సగం ఆ బీరువాలతోనే.

ఈ క్లబ్బుకి ఇంకెక్కడా లేని అలవాటొకటి ఉంది. ఆట అయ్యాక ఎవరి చీటీ మీద వాళ్ళు సంతకం పెట్టి, ఇద్దరూ చీటీలు మార్చుకుంటారు. నాది నీకు, నీది నాకు. ఇంటికెళ్ళాక తీరిగ్గా ఎత్తులు దిద్దుకుని గొప్పలు చెప్పుకోకుండా ఎవరో పాతకాలపు పెద్దమనిషి పెట్టిన నియమం అది. మనుషుల మీద నమ్మకం బొత్తిగా లేని మనిషై ఉంటాడు. ఆయన్ని తప్పుపట్టాల్సిన పనిలేదని ఈ కథ విన్నాక మీరే అంటారు.

ఇంకో పిచ్చి కూడా ఉంది వాళ్ళకి. మెట్ల లెక్క. క్లబ్బు పెట్టిన మూలపురుషుడితో ఒక్క ఆటైనా ఆడినవాళ్ళది మొదటి మెట్టు. ఆ మొదటి మెట్టు వాళ్ళతో ఆడినవాళ్ళది రెండో మెట్టు. వాళ్ళతో ఆడితే మూడోది. గెలిచావా ఓడావా అని ఎవరూ అడగరు, ఎప్పుడు ఆడావనీ అడగరు. అవతలివాళ్ళ సంతకమున్న చీటీ చూపిస్తే చాలు. మూలపురుషుడితో ఆడినవాళ్ళ చీటీలన్నిటినీ చెదలు తినేయగా ఒక్కాయనవి మిగిలాయి. ఆయన్ని గడ్డం మాస్టారంటారు. ఊరు వదిలి వెళ్ళిపోయి పెద్ద పేరు సంపాదించి, నలభై ఆరేళ్ళ కిందట ఒకే ఒక్క రోజు వచ్చాడు. ఆరుగురితో ఆడాలని వస్తే ఆ రోజు కురిసిన వానకి క్లబ్బు మోకాలి లోతు నీళ్ళలో మునిగింది. ఆడగలిగింది ఒక్క ఆటే, అదీ ఒకరింట్లో. ఆ ఆటలో మాస్టారు ఓడిపోయాడు. ఓడించింది చీటీలావిడ వాళ్ళ నాన్న.

క్లబ్బులో నూటపన్నెండు మందికి ఆయన గురువుగారు. ఆ నూటపన్నెండు మంది మూడో మెట్టు, నాలుగో మెట్టు అని చెప్పుకుంటున్నారంటే అందరూ ఆయన్ని పట్టుకుని వేలాడుతున్నవాళ్ళే. మాస్టారితో ఆడిన ఆ ఆటలో, ఇరవై మూడో ఎత్తులో ఆయన ఏనుగుని కావాలని వదిలేసుకున్నాడు. దాని మీద ఆయన పాఠం వినకుండా ఆ క్లబ్బులో ఎవరూ పెద్దవాళ్ళు కాలేదు. "త్యాగం చెయ్యగలిగినవాడే గెలుస్తాడు" అని మొదలుపెట్టి ముప్పావుగంట చెప్పేవాడు.

రేపు పొద్దున పదింటికి శతవార్షికోత్సవం. హాలు గోడ మీద ఈ మెట్లన్నీ పేర్లతో రాయిస్తున్నారు. గురువుగారు తెర లాగుతారు. పెయింటరు కింద పేర్లన్నీ ముందే రాసేసి, నిచ్చెన మీద పై వరసలకి చేరాడు. రెండో మెట్టు గడి ఒక్కటే ఖాళీగా ఉంచాడు. అది ప్రత్యేకంగా బంగారు రంగులో రాయాలట. "ఆ రంగు కలిపితే గంటలో వాడెయ్యాలి మేడం, సాయంత్రం రాస్తాను" అన్నాడు.

మధ్యాహ్నం పన్నెండింటికి పార్సిలొచ్చింది. గడ్డం మాస్టారి మనవరాలు ఇల్లు ఖాళీ చేస్తూ, ఆయన చీటీల రేకుపెట్టెని క్లబ్బుకి పంపించింది. చీటీలావిడకి ప్రాణం లేచొచ్చింది. నాన్న దగ్గరున్నది మాస్టారి చేతిరాత. అది ఫ్రేము కట్టించి ఇంటి ముందుగదిలో పెట్టారు. దాని జంట, అంటే నాన్న స్వయంగా రాసిన చీటీ, ఈ పెట్టెలో ఉండాలి. రెండూ పక్కపక్కన పెట్టి రేపు చూపిస్తే నాన్న ముఖం ఎలా వెలుగుతుందో అనుకుంటూ తేదీల వరసలో వెతికింది.

దొరికింది. అదే తేదీ, అవే ఎత్తులు. ఇరవై మూడో ఎత్తులో అదే ఏనుగు. రాత మాత్రం నాన్నది కాదు.

కింద సంతకం చూసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. ఎక్కడో చూసినట్టుందే అనుకోవాల్సిన సంతకం కాదది. ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా ఆమె ప్రోగ్రెస్ రిపోర్టులన్నిటి మీదా ఉన్న సంతకం. చివరి అక్షరం తోక వెనక్కి తిరిగి మొత్తం పేరు కింద గీతలా పాకుతుంది. ఏడో తరగతిలో లెక్కల్లో తప్పినప్పుడు ఆ సంతకం తనే పెట్టబోయి, ఆ తోక కుదరక దొరికిపోయింది. ఆ తోక ఇంకెవరికీ రాదు. వాళ్ళమ్మకి తప్ప.

చీటీలావిడ కుర్చీలో కూలబడింది. వాళ్ళమ్మ గుర్రానికీ ఒంటెకీ తేడా తెలియదని చెప్పుకునే మనిషి. ఇంట్లో బల్ల మీద పావులుంటే గుడ్డతో దుమ్ము దులిపి, ఒక్క పావు గడి తప్పకుండా మళ్ళీ పెట్టేది. అదొక్కటే చదరంగంతో ఆవిడకున్న సంబంధమని ఇన్నాళ్ళూ అందరూ అనుకున్నారు. ఒక్క పావు గడి తప్పకుండా. ఆ మాట ఇప్పుడు చీటీలావిడ చెవిలో ఇంకోలా వినపడింది.

చీటీ మూల పెన్సిలుతో సన్నగా ఇంకేదో రాసుంది. అది మాస్టారి రాత. అది చదివి, చీటీని పుస్తకంలో పెట్టుకుని, రెండు వీధుల అవతలున్న ఇంటికి చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా నడిచింది.

నాన్న రేపటి కోసం జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్ళాడు. అమ్మ ముందుగదిలో కూర్చుని ఆరిన బట్టలు మడత పెడుతోంది. ఆవిడకి డెబ్భై. మడత పెట్టిన చొక్కా మీద గీత పడిందంటే మళ్ళీ విప్పి మడత పెట్టే రకం.

కూతురు చీటీ ఆ చొక్కా మీద పెట్టింది.

అమ్మ దాన్ని చూసింది. మడత పెడుతున్న చెయ్యి ఆగింది. "ఇదింకా ఉందా?" అంది, పోయిందనుకున్న గరిటె దొరికినంత మామూలుగా.

"అమ్మా, ఇది నీ సంతకం."

"కాదన్నానా?"

"ఆ ఆట ఆడింది నువ్వా?"

"క్లబ్బు మునిగిందని ఆట మనింట్లో పెట్టుకున్నారు, మాస్టారేమో రెండు గంటలు ముందుగా వచ్చేశాడు. మీ నాన్న ఆఫీసులో ఉన్నాడు. వాన. గడ్డమంతా నీళ్ళు కారుతున్నాయి పాపం, తువ్వాలిచ్చి కూర్చోమన్నాను. బల్ల మీద నేను ఏదో పెట్టుకుని చూసుకుంటున్నాను. 'ఇదెవరు ఆడుతున్నారమ్మా' అన్నాడు. ఊరికే చూస్తున్నానండీ అన్నాను. 'మీ ఆయన వచ్చేదాకా మనం ఆడదాం రండి' అన్నాడు. ఆడాం." అమ్మ ఇంకో చొక్కా తీసుకుంది. "మధ్యలో నువ్వొకసారి లేచి ఏడ్చావు. రెండేళ్ళదానివి. నిన్ను ఒళ్ళో వేసుకునే ఆడాను."

"నీకు చదరంగం ఎలా వచ్చమ్మా?"

"మా అన్నయ్యలు ముగ్గురు. ఇద్దరు ఆడుకుంటే మూడోవాడు ఒంటరివాడు. వాడి ఎదురుగా నన్ను కూర్చోబెట్టేవాళ్ళు. కొన్నాళ్ళకి ముగ్గురూ నాతో ఆడటం మానేశారు." ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం అమ్మ పెదవి కొంచెం వంకర తిరిగింది. "ఇక్కడికొచ్చాక మీ నాన్న పుస్తకాలు. ఆయన ఆఫీసుకి వెళ్ళగానే మొదలుపెట్టేదాన్ని."

నాన్న ఆఫీసు నుంచి తడిసి ముద్దై వచ్చేసరికి చివరి ఎత్తులు నడుస్తున్నాయట. గుమ్మంలోనే నిలబడిపోయాడట. మాస్టారు ఓటమి ఒప్పుకుని, సంతకం పెట్టి, చీటీలు మార్చుకుని, రైలుకి టైమైపోతోందని వెళ్ళిపోయాడు. గంటకి క్లబ్బు వాళ్ళు పదిమంది వచ్చి పడ్డారు. బల్ల మీద మాస్టారి చేతిరాతతో చీటీ, దాని పక్కన నాన్న. ఇంకేం అడుగుతారు. ఎత్తుకుని గంతులేశారు. అప్పటి కార్యదర్శి తన ఆకుపచ్చ ఇంకు పెన్నుతో ప్రత్యర్థి పేరు దగ్గర నాన్న పేరు రాసేశాడు. ఫ్రేములో ఆ ఒక్క పేరే ఆకుపచ్చగా ఎందుకుందని చిన్నప్పుడు చీటీలావిడ అడిగితే, గౌరవానికి అలా రాస్తారని నాన్న చెప్పాడు.

"నాన్న ఏమీ అనలేదా వాళ్ళతో?"

"నోరు మెదపలేదు. నేను లోపల టీ పెడుతున్నాను. పదిమందికి."

చీటీలావిడకి కోపమొచ్చిందో, ఏడుపొచ్చిందో తెలియలేదు. ఈ కోపం ఎవరి మీద చూపించాలో అసలే తెలియలేదు. ఈలోగా బుర్రలో ఇంకోటి తట్టింది. ఇరవై ఏళ్ళు చీటీలు సర్దిన బుర్ర కదా, ఎంత దుఃఖంలోనైనా లెక్క వేస్తుంది. రెండో మెట్టు అమ్మదైతే, అమ్మతో ఆడినవాళ్ళది మూడో మెట్టు. నాన్న అమ్మతో ఆడుంటే మూడోది నాన్నది, మిగతావాళ్ళంతా ఒక మెట్టు కిందికి జరుగుతారు. జరిగితే జరిగారు, గొలుసు మాత్రం తెగదు.

"అమ్మా, నువ్వూ నాన్నా ఎన్ని ఆటలు ఆడుంటారు?"

"ఒక్కటి కూడా లేదు."

"ఒక్కటి కూడానా?"

"పెళ్ళైన కొత్తలో అడిగితే, ఆడవాళ్ళతో ఏం ఆడతాం అన్నాడు. ఆ రోజు తరవాత నేను అడగలేదు. ఆయనా అడగలేదు. నేను మళ్ళీ పావు ముట్టుకోలేదు, దుమ్ము దులపడానికి తప్ప."

అంటే నూటపన్నెండు మంది గాల్లో ఉన్నారు. గోడ మీద రంగు ఆరుతున్న పేర్లన్నీ దేనికీ అంటుకుని లేవు. తన పేరుతో సహా.

"దాన్ని పెట్టెలో పెట్టెయ్," అంది అమ్మ. "రేపటి సభ కానియ్. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, పదిమందిలో తల దించుకోవడం ఇప్పుడెందుకు."

"అమ్మా, మూల పెన్సిలు రాత చూశావా?"

అమ్మ చీటీని కిటికీ వైపు తిప్పి చదివింది. 'ఈమెతో మళ్ళీ ఆడాలి.' నాలుగైదు సార్లు చదివినట్టుంది. ఇంత కథ చెప్పినా చెక్కుచెదరని మనిషి, ఆ మూడు మాటలకి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"రాసుకున్నాడా," అంది. "నేను ఏదో కలగన్నానేమో అనుకున్నాను ఇన్నేళ్ళూ."

నాన్న అప్పుడే లోపలికొచ్చాడు. మెడ మీద ఇంకా పౌడరుంది. కూతురి ముఖం చూసి, భార్య చేతిలో కాగితం చూసి, గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆ రోజు ఎక్కడ నిలబడ్డాడో సరిగ్గా అక్కడే.

ఆయనకి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. నలభై ఆరేళ్ళుగా ఒక కాగితం ఫ్రేములో పెట్టి కాపాడుకున్నాడు కానీ, రెండో కాగితం ఒకటుందనీ, అది మాస్టారి జేబులో వెళ్ళిందనీ ఆయనకి ఒక్కసారీ తట్టలేదు. చీటీలు మార్చుకోవాలని క్లబ్బులో ప్రతివాడికీ నేర్పింది ఆయనే.

"నేను చెప్దామనే అనుకున్నాను," అన్నాడు కూర్చుంటూ. "ఆ రోజు కాకపోతే మర్నాడు. మర్నాడు దండలు తెచ్చారు."

"దండలు వాడిపోయాక?" అంది కూతురు. నాన్నతో ఆ గొంతుతో ఎప్పుడూ మాట్లాడలేదు. ఆ గొంతు తనదేనా అని తనే ఉలిక్కిపడింది.

ఫోను మోగింది. పెయింటరు. "మేడం, బంగారు రంగు కలిపేశాను. రెండో మెట్టు గడిలో సారు పేరేగా?" గంటలో వచ్చి చెబుతానంది చీటీలావిడ. తరవాత తండ్రికి ఉన్నదున్నట్టు చెప్పింది, గొలుసు ఎక్కడ తెగిందో, ఎలా అతుకుతుందో.

నాన్న ముఖంలో కొంచెం రంగొచ్చింది. లెక్క ఆయనకి చప్పున అందింది. లేచి, బల్ల ముందుకి లాగి, పావులు సర్దడం మొదలుపెట్టాడు. "ఏమోయ్, రా. ఒక్క ఆట. చీటీ రాద్దాం, సంతకాలు పెడదాం. రెండో మెట్టు నీదే, రేపు మైకులో నేనే చెబుతాను. నేను మూడో మెట్టు. అందరూ నిలబడతారు."

ఎంత బాగా చెప్పాడు. చీటీలావిడకి ఊపిరి తిరిగొచ్చినట్టైంది. అమ్మ మాత్రం బట్టల దొంతర పక్కకి జరిపి కదలకుండా కూర్చుంది.

"మీతో ఆడను," అంది.

నాన్న చేతిలో మంత్రి అలాగే ఉండిపోయింది.

"నలభై ఆరేళ్ళు ఈ బల్ల తుడిచాను. రోజూ తుడుస్తూ అనుకునేదాన్ని, ఈ రోజు అడుగుతాడేమో అని. పెద్ద కోరికేం కాదు. బయట ఎవరికీ చెప్పక్కర్లేదు. తలుపులేసుకుని, మనిద్దరమే, ఒక్క ఆట. ఒక్కసారి అడగలేదు మీరు. ఇవాళ అవసరమొచ్చింది కాబట్టి అడుగుతున్నారు. ఇవాళ నేను ఆడను." గొంతు పెంచలేదు. ఉతికిన బట్టల లెక్క చెప్పినట్టే చెప్పింది. "దాంతో ఆడతాను."

చూపించింది కూతుర్ని.

చీటీలావిడకి అది తట్టనేలేదు. అమ్మ తనతో ఆడితే తను మూడో మెట్టు. తను నాన్నతో చిన్నప్పటి నుంచి కొన్ని వందల ఆటలు ఆడింది, చీటీలన్నీ బీరువాలో ఉన్నాయి. కాబట్టి గొలుసు అతుకుతుంది. కాకపోతే తన కిందికి వస్తాడు నాన్న. నాలుగో మెట్టు. తనతో ఎప్పుడో ఓసారి ఆడిన కుర్రకారంతా ఆయనతో సమానం.

నాన్నకీ ఆ లెక్క అర్థమైంది. మంత్రిని దాని గడిలో పెట్టి, కుర్చీలోంచి లేచి, కూతురికి చోటిచ్చాడు.

ఆట యాభై నిమిషాలు కూడా నడవలేదు. చీటీలావిడ ఏమీ చేతకానిది కాదు, క్లబ్బులో మొదటి పదిమందిలో ఉంటుంది. పన్నెండో ఎత్తు దాకా అమ్మ తడుముకుంటోందేమో అనుకుంది. నెమ్మదిగా బంట్లు జరుపుతోంది, అంతే. పదిహేనో ఎత్తుకి చూసుకుంటే తన గుర్రాలు రెండూ ఎటూ కదల్లేవు. ఎవరు కట్టేశారో, ఎప్పుడు కట్టేశారో తెలియలేదు. ఎదురుగా కూర్చున్నది తనకి జడలు వేసిన మనిషి, జ్వరమొస్తే నుదురు పట్టి చూసిన మనిషి. ఆ చేతిని ఇన్నేళ్ళూ తను చూడనేలేదని అప్పుడు తెలిసింది. ఇరవై ఏడో ఎత్తుకి తన రాజుని పడుకోబెట్టి ఓటమి ఒప్పుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఓడినందుకు కాదు.

ఇద్దరూ సంతకాలు పెట్టారు. అమ్మ సంతకం తోక వెనక్కి తిరిగి పేరు కిందంతా పాకింది. చీటీలు మార్చుకున్నారు.

నాన్న అంతసేపూ గోడకి ఆనుకుని నిలబడే ఉన్నాడు. ఇప్పుడు కూతురి ఫోను తీసుకుని తనే పెయింటరుకి చేశాడు. "బాబూ, రాసుకో. రెండో మెట్టు మా ఆవిడ పేరు. ఆ, బంగారు రంగులోనే. దాని కింద మా అమ్మాయి. ఆ కింద వరసలో నేను." అవతల పెయింటరు ఏదో అడిగాడు. "తప్పు కాదు. ఇన్నాళ్ళూ ఉన్నదే తప్పు. చెరిపెయ్యాల్సినవి చెరిపెయ్."

ఫోను పెట్టేసి, గోడ మీది ఫ్రేము దించి, బల్ల మీద భార్య ముందు పెట్టాడు. దాని వెనక గోడ మీద తెల్లటి చతురస్రం మిగిలింది. క్షమించమంటాడేమో అని చీటీలావిడ ఎదురుచూసింది. ఆయన అడిగింది అది కాదు.

"ఒక్కటి చెబుతావా? ఇరవై మూడో ఎత్తు. ఏనుగుని ఎందుకు వదిలేశావు? ఇన్నేళ్ళు అందరికీ పాఠం చెప్పాను. త్యాగమన్నాను, ధైర్యమన్నాను. నాకే అర్థం కాలేదు. ఒక్క రోజు కూడా అర్థం కాలేదు."

అమ్మ ఆయన ముఖంలోకి చూసింది. ఈ మధ్యాహ్నమంతా ఆమె భర్త వైపు నేరుగా చూడటం అదే మొదటిసారి.

"త్యాగమా?" అంది. "నేనేం వదులుకున్నానని? ఆశపెట్టి ఆయన గుర్రాన్ని మూలకి పంపాను. అది తిరిగొచ్చేలోపు ఆట అయిపోయింది. ఏనుగు ఏ పాటిది. నేను వదులుకున్నవి ఆ తరవాత."

నాన్న తల వంచుకున్నాడు. మెడ మీద పౌడరు చారలు కట్టింది.

అమ్మ పావులన్నీ తీసి, ఇరవై మూడో ఎత్తు నాటికి ఏది ఏ గడిలో ఉందో అలా పెట్టుకుంటూ పోయింది. ఏ చీటీ వైపూ చూడలేదు. పెట్టడం అయ్యాక ఎదుటి కుర్చీ వైపు చెయ్యి చూపించింది.

"కూర్చోండి, చూపిస్తాను," అంది. "ఇది ఆట కాదు. చీటీ రాయొద్దు."

నాన్న కూర్చున్నాడు.